అంగిలిలో గాయం – మెదడుకు అపాయం

నోటిలో పుల్ల పెట్టుకొని పరుగెత్తవద్దని పిల్లలను మందలించని తల్లి ఉండదు. ఆ మందలింపు ఎంత పాతదో, దానిని లెక్కచేయక పరుగెత్తే పిల్లల ఆట కూడ అంత పాతదే. పెన్సిలు, పళ్ళు తోముకొనే బ్రష్షు, పీచుమిఠాయి పుల్ల, ఈల, చెంచా – ఏదో ఒకటి నోట ఉండగానే బిడ్డ తూలి బోర్లపడుతుంది. ఒక్క కేక, నోటినిండ రక్తం. ఇంటిల్లిపాది గుమిగూడుతారు. పావుగంటలో రక్తం ఆగిపోతుంది. నోరు తెరిపించి చూస్తే అంగిలి వెనుక భాగంలో పప్పుగింజంత చీలిక కనిపిస్తుంది. బిడ్డ ఏడుపు మాని మళ్ళీ ఆటకు పోతుంది. గండం గడిచినదని పెద్దలు నిట్టూర్చుతారు.

నూటికి తొంభైతొమ్మిది సార్లకు పైగా ఆ నిట్టూర్పు న్యాయమైనదే. నోటిలోని గాయం వంటి త్వరగా మానే గాయం శరీరంలో మరొకటి లేదు. కాని ఎప్పుడో ఒకసారి కథ వేరు విధంగా నడుస్తుంది. మరునాడు ఉదయం బిడ్డ మత్తుగా పడి ఉంటుంది. ఒక చేయి లేవదు, మూతి ఒక పక్కకు లాగుతుంది, మాట రాదు. నిన్నటి పప్పుగింజంత గాయానికి, నేటి పక్షవాతానికి సంబంధం ఉన్నదని ఎవరికి తోస్తుంది? వైద్యశాస్త్రానికే ఆ సంగతి తేటపడడానికి శతాబ్దాలు పట్టినది. ఆ సంగతి తెలిసిన విధమే ఈ వ్యాసానికి విషయం.

పడుటలోని బలం

ఈ ప్రమాదం ఎక్కువగా నడక నేర్చిన నాటి నుండి నాలుగైదు ఏండ్ల లోపు పిల్లలకు జరుగుతుంది. దానికి కారణాలు బిడ్డ శరీరంలోనే ఉన్నవి. పుట్టినప్పుడు శిశువు తల, దేహం పొడవులో నాలుగవ వంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఎనిమిదవ వంతుకు దగ్గరగా ఉంటుంది. తల బరువు ఎక్కువ కావడం వల్ల పసివాడు తూలితే తల ముందుగా నేలకు పోతుంది. చేతులు చాచి ఆపుకొనే నేర్పు ఇంకా కుదరదు. పైగా కొత్త వస్తువు ఏది దొరికినా దానిని నోటితో పరీక్షించే వయస్సు అది.

నోట పెన్సిలుతో బిడ్డ పడినప్పుడు పెన్సిలు బయటి కొన నేలకు తగిలి నిలిచిపోతుంది. తల మాత్రం నిలువదు. తల బరువు, దాని వెనుక మొండెం బరువు, పరుగు వేగం – ఇవన్నీ ఒకచోట కూడి లోపలి కొన మీద పడుతవి. బలం ఒకటే అయినా అది పనిచేసే వైశాల్యం తగ్గినకొద్దీ పీడనం పెరుగుతుందని విద్యార్థులు భౌతికశాస్త్రంలో చదువుతారు. ఏడు మిల్లీమీటర్ల వ్యాసం గల పెన్సిలు మొద్దుకొన కంటె, ఒక మిల్లీమీటరు వ్యాసం గల చెక్కిన కొన వద్ద పీడనం నలుబదితొమ్మిది రెట్లు ఎక్కువ. అందుచేత చెక్కిన కొన లోనికి దూసుకొనిపోతుంది. ఐతే మొద్దుకొన మంచిదని అనుకొనరాదు. అది దూసుకొనిపోక, ఎదురైన దానిని నలిపివేస్తుంది. ఈ నలుపుటయే ఒక్కొక్కప్పుడు పొడుచుట కంటె కీడు చేస్తుంది. ఎందుచేతనో తెలియవలెనంటే నోటి గోడకు ఆవల ఏమున్నదో చూడవలెను.

నోటి గోడకు ఆవల

నాలుకతో తడిమితే అంగిలి ముందు భాగం గట్టిగా తగులుతుంది. అక్కడ ఎముక ఉన్నది. ఇంకా వెనుకకు పోతే మెత్తబడుతుంది. దీనినే మృదుతాలువు అంటారు. దాని మధ్యనుండి కొండనాలుక వ్రేలాడుతుంది. ఇరుపక్కల టాన్సిళ్ళు ఉంటవి. గట్టి అంగిలికి తగిలిన పుల్ల ఎముక వద్ద ఆగిపోతుంది. మెత్తని అంగిలికి, అందులోను పక్కగా తగిలిన పుల్లను ఆపడానికి కండరపు పొరలు తప్ప మరేమీ లేదు.

ఆ పొరలకు ఆవల, టాన్సిలుకు వెనుకగా, కొంచెం వెలుపలగా, మెడ గుండా పైకి పోయే ఒక పెద్ద రక్తనాళం ఉన్నది. దాని పేరు అంతర కెరోటిడ్ ధమని. గుండె నుండి మెదడు ముందు భాగానికి రక్తాన్ని చేర్చే రాజమార్గం అదే. పెద్దవారిలో టాన్సిలుకు, ఈ ధమనికి మధ్య దూరం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. పసిపిల్లలలో అంతకంటె తక్కువ. ధమనికి వెనుక వెన్నెముక పై భాగం గోడవలె నిలిచి ఉంటుంది.

ఇప్పుడు మొద్దుకొన చేసే పని అర్థమవుతుంది. అది ముందునుండి నెట్టుతుంది. వెనుకనుండి ఎముక అడ్డుకొంటుంది. ధమని రెంటి మధ్య నలుగుతుంది. ధమని గోడలో మూడు పొరలున్నవి. వెలుపలి పొర సాగుతుంది కనుక చిరుగదు. లోపలి పొర సున్నితమైనది, అది చిట్లుతుంది. బయటికి రక్తం రాదు. నోటిలో పెద్ద గాయం కూడ ఉండనక్కరలేదు. కాని చిట్లిన లోపొర మీద రక్తకణాలు పేరుకొని గడ్డకట్టడం మొదలుపెడుతవి. ఆ గడ్డ కొన్ని గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో పెరిగి మార్గాన్ని మూసివేయవచ్చును. లేదా దాని తునక తెగి రక్తంతో పాటు మెదడుకు పోయి అక్కడి చిన్న ధమనిని మూసివేయవచ్చును. ప్రమాదానికి, పక్షవాతానికి మధ్య బిడ్డ హాయిగా ఆడుకొనే ఆ విరామం గడ్డ పెరగడానికి పట్టే కాలమే. ఆ విరామమే పెద్దలనూ, చాలకాలం వైద్యులనూ మోసగించినది.

పేరులోనే ఉన్న సంగతి

కెరోటిడ్ అనే పేరు గ్రీకు భాషలో మైకం అనే అర్థమిచ్చే మాట నుండి పుట్టినది. మెడలోని ఈ నాళాలను నొక్కితే మనిషికి మైకం కమ్ముతుందని ప్రాచీనులు గమనించినారు. క్రీస్తు శకం 100 ప్రాంతంలో ఉండిన రూఫస్ అనే గ్రీకు వైద్యుడు ఈ పేరు పుట్టుకను వివరిస్తూ, మైకానికి కారణం ధమని కాదనీ, దాని పక్కనున్న నాడులనీ అభిప్రాయపడినాడు. రెండవ శతాబ్దంలో గేలెన్ కూడ ఆ పక్షమే వహించినాడు. గేలెన్ మాటకు పదిహేను వందల ఏండ్లు ఎదురు లేకపోయినది కదా! ఈ విధంగా పేరు చెప్పుచున్న నిజాన్ని పండితులే పక్కకు నెట్టినారు.

దానిని మళ్ళీ ముందుకు తెచ్చినది యుద్ధరంగం. 1552లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే, మెడకు గాయమైన ఒక సైనికుని కెరోటిడ్ ధమనిని ముడివేసి రక్తస్రావం ఆపినాడు. సైనికుని ప్రాణం దక్కినది. కాని మాట పోయినది, శరీరంలో ఒక పక్క చచ్చుబడినది. మెడలోని ధమని మూసుకొంటే మెదడు దెబ్బతింటుందనడానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం ఏమి కావలెను?

ఐతే సాక్ష్యానికి ఎదురు సాక్ష్యం కూడ దొరికినది. ఇంగ్లండులో థామస్ విల్లిస్, 1664లో మెదడు నిర్మాణంపై ప్రకటించిన గ్రంథంలో, వేరొక జబ్బుతో మరణించిన ఒకని సంగతి వ్రాసినాడు. శవపరీక్షలో అతని కెరోటిడ్ ధమని ఒకటి పూర్తిగా మూసుకొని ఉన్నది. కాని బ్రతికి ఉండగా అతనికి పక్షవాతపు ఛాయ కూడ లేదు. దీనికి సమాధానం కూడ విల్లిసే ఇచ్చినాడు. మెదడు అడుగున ధమనులన్నీ ఒక వలయంగా కలుసుకొంటవి. ఒక దారి మూసుకొంటే మరొక దారిన రక్తం చేరుతుంది. నేటికీ దానిని విల్లిస్ వలయమంటారు. ఆ గ్రంథంలోని బొమ్మలలో కొన్నింటిని, తరువాత లండనులో సెయింట్ పాల్ దేవాలయాన్ని నిర్మించిన క్రిస్టఫర్ రెన్ గీసినాడు. అంగిలికి ఒకే విధంగా దెబ్బ తగిలిన ఇద్దరు పిల్లలలో ఒకనికి ఏమీ కాక, మరొకనికి పక్షవాతం రావడానికి ఒక కారణం ఈ వలయంలోని తేడాలే. కొందరిలో ఆ వలయం చక్కగా పూర్తి అయి ఉంటుంది. కొందరిలో ఏదో ఒక భాగం సన్నగా ఉంటుంది.

రక్తం నాళంలో ఎందుకు గడ్డకడుతుందో 19వ శతాబ్దపు మధ్యలో జర్మనీ శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్ఖో పరిశోధించినాడు. గడ్డ తునక తెగి దూరాన ఉన్న నాళాన్ని మూసివేయగలదని ఆయన నిరూపించినాడు. 1872లో పారిస్ నగరపు శస్త్రవైద్యుడు వెర్నయ్, ప్రమాదంలో దెబ్బలు తిని, పక్షవాతం వచ్చిన ఒక మనిషి మెడధమనిలో రక్తపుగడ్డను చూపినాడు. మెడపై కత్తిగాటు లేకుండానే దెబ్బ చేత ధమని మూసుకొనగలదని దీనితో తేలినది. ఇక మిగిలినది ఒక్క అడుగు. దెబ్బ బయటినుండి కాక నోటిలోనుండి తగిలితే? ఆ ఒక్క అడుగు వేయడానికి మరి ఎనబది నాలుగు ఏండ్లు పట్టినది.

మరుగునపడిన కారణం

ఆలస్యానికి తగిన కారణం ఉన్నది. ఆ రోజులలో పసిపిల్లలకు హఠాత్తుగా వచ్చే పక్షవాతం అరుదు కాదు. కోరింత దగ్గు, ఆటలమ్మ, గొంతువాపు వంటి అంటురోగాలు ప్రతి ఇంటా ఉండేవి. 1884లో జర్మనీ వైద్యుడు ష్ట్రుంపెల్ ఇట్టి పక్షవాతానికి మెదడు వాపు కారణమని ప్రతిపాదించినాడు. ఆ అభిప్రాయం స్థిరపడిపోయినది. బిడ్డ ఒక పక్క చచ్చుబడితే వైద్యుడు జ్వరం గురించి అడిగేవాడు కాని, రెండు రోజుల క్రిందట నోట పెన్సిలుతో పడినాడా అని అడిగేవాడు కాదు. అడుగని ప్రశ్నకు సమాధానం ఎవరు చెప్పుతారు?

జీవించి ఉన్న మనిషి ధమనిలో గడ్డను చూసే ఉపాయం కూడ అప్పటికి లేదు. ఆ ఉపాయాన్ని 1927లో పోర్చుగల్ దేశపు వైద్యుడు ఎగాస్ మోనిజ్ కనిపెట్టినాడు. ఎక్స్‌కిరణాలకు అడ్డుపడే ద్రవాన్ని మెడధమనిలోకి ఎక్కించి, తలను ఛాయాచిత్రం తీస్తే, మెదడులోని ధమనులు చెట్టుకొమ్మలవలె కనిపించినవి. ద్రవం ఎక్కడ ఆగిపోతే అక్కడ మార్గం మూసుకొన్నదని అర్థం. ఆంజియోగ్రఫీ అనే ఈ పద్ధతి క్రమంగా ఆస్పత్రులకు వ్యాపించిన తరువాత, చీకటిలో ఉన్న విషయం వెలుగులోనికి వచ్చినది.

1956లో బ్రాడో అనే వైద్యుడు, మృదుతాలువు ప్రాంతంలో దెబ్బ తగిలిన పిల్లలలో అంతర కెరోటిడ్ ధమని మూసుకొనడాన్ని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినాడు. మరుసటి ఏడు అదే పత్రికలో ఫెయిర్‌బర్న్ ఇదే విషయంపై మరొక వ్యాసం ప్రకటించినాడు. 1964లో బికర్‌స్టాఫ్, పిల్లలలో హఠాత్తుగా వచ్చే పక్షవాతానికి కారణాలను చర్చిస్తూ మెడధమనికి ప్రాముఖ్యమిచ్చినాడు. గొంతులోని వాపు సైతం పక్కనున్న ధమనికి సోకవచ్చునని సూచించినాడు. 1966లో అమెరికాలో పిట్నర్ వ్రాసిన వ్యాసం ఈ విషయంలోని వైచిత్రిని బయటపెట్టినది. ప్రమాదం సర్వసాధారణమైనది, దాని ఈ పర్యవసానం మాత్రం అరుదైనది. సర్వసాధారణమైన దానిలోనుండి అరుదైన దానిని ఏరుకొనడమే వైద్యునికి పరీక్ష.

పీచుమిఠాయి పుల్ల

ఈ పరీక్ష ఎంత కఠినమైనదో 1999లో జపానులో జరిగిన ఒక ఉదంతం చెప్పుతుంది. ఆ ఏడు జూలై నెలలో టోక్యో నగరంలో ఒక వేసవి ఉత్సవానికి నాలుగేండ్ల బాలుడు పోయినాడు. ఆ దేశంలో పీచుమిఠాయిని తరుచుగా భోజనపు కొయ్యపుల్లకు చుట్టి అమ్ముతారు. బాలుడు ఆ పుల్లను నోట పెట్టుకొని పడినాడు. ఆస్పత్రికి తీసుకొనిపోయినారు. మెత్తని అంగిలిలో చిన్న గాయం. రక్తం ఆగి ఉన్నది. వైద్యుడు గాయానికి మందు పూసి ఇంటికి పంపినాడు. బాలుడు వాంతి చేసుకొన్నాడు, మత్తుగా ఉన్నాడు. మరునాడు ఉదయం ఊపిరి ఆగి మరణించినాడు.

శవపరీక్షలో తలలోపల 7.6 సెంటీమీటర్ల పుల్లముక్క కనిపించినది. అది అంగిలిని చీల్చుకొని, పుర్రె అడుగున సిర బయటికి వచ్చే రంధ్రం గుండా దూరి, చిన్నమెదడును చేరినది. ఎముకను విరుగగొట్టకుండ, ప్రకృతి ఏర్పరచిన ద్వారం గుండానే పోయినది. బయటికి కనిపించిన గాయం మాత్రం చిన్నదే.

ఆ వైద్యునిపై నేరారోపణ జరిగినది. 2006లో క్రింది న్యాయస్థానం, 2008లో ఉన్నత న్యాయస్థానం అతనిని నిర్దోషిగా ప్రకటించినవి. ఆనాటి వైద్యపరిజ్ఞానాన్ని బట్టి ఇట్టి గాయాన్ని ఊహించవలసి ఉండినదని చెప్పజాలమని ఉన్నత న్యాయస్థానం భావించినది. ఒక తల్లిదండ్రుల దుఃఖం, ఒక వైద్యుని తొమ్మిదేండ్ల ఆందోళన – ఏ తీర్పు కూడ రెంటికీ న్యాయం చేయజాలదు. కాని ఆ ఉదంతం తరువాత అంగిలి గాయంతో వచ్చిన బిడ్డను వైద్యలోకం చూసే చూపు మారినది. గాయం ఎంత పెద్దది అని గాక, పుల్ల ఎంత పొడవు, ఏ దిక్కుగా పోయినది, మొత్తం బయటికి వచ్చినదా అని అడుగుట అవసరమైనది.

నేటి పద్ధతి

1971 అక్టోబరులో లండనులో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రంతో మొదటిసారిగా రోగి మెదడును పొరలు పొరలుగా చిత్రించినారు. నేడు సి.టి. ఆంజియోగ్రఫీ ద్వారా మెడధమనిని కొద్ది క్షణాలలో చూడవచ్చును. ఐతే అంగిలి గాయమైన ప్రతి బిడ్డకు ఈ పరీక్ష చేయవలెనా అనే విషయంలో వైద్యులందరిదీ ఒకే మాట కాదు. పక్షవాతం వచ్చేది నూటికి ఒకరి కంటె తక్కువ మందికి. ఎక్స్‌కిరణాల వల్ల పసిదేహానికి కలిగే కీడు కూడ ఆలోచించదగినదే. గాయం పరిమాణాన్ని బట్టి రాబోయే అపాయాన్ని అంచనా వేయలేమని మాత్రం అనుభవం వల్ల తేలినది. అందుచేత గాయం మెత్తని అంగిలికి పక్కగా ఉన్నా, రక్తం ఆగకున్నా, మెడ ఉబ్బినా, నరాలకు సంబంధించిన లక్షణాలు కనిపించినా పరీక్ష జరుపుతారు. తక్కిన వారిని జాగ్రత్తగా కనిపెట్టి ఉంటారు. కొయ్య సాధారణ ఎక్స్‌రే చిత్రంలో సరిగా కనిపించదనీ, సి.టి. చిత్రంలో సైతం గాలివలె కనిపించి మోసగించగలదనీ వైద్యులు గుర్తుంచుకొంటారు. ఇంకొక అపాయం సూక్ష్మజీవులది. పుల్లతో పాటు అవి, గాలి, గ్రసని వెనుకనున్న ఖాళీలోకి దిగితే అక్కడ చీము పట్టవచ్చును, ఒక్కొక్కప్పుడు అది రొమ్ములోకి కూడ జారవచ్చును. చిన్న చీలికలు చాల వరకు కుట్లు లేకనే మానుతవి.

తల్లిదండ్రులకు ఈ చరిత్ర నేర్పే పాఠాలు కొద్దియే, అవి సులభమైనవి. గుచ్చుకొని ఉన్న వస్తువును లాగరాదు. అది కదలకుండ పట్టి ఆస్పత్రికి పోవలెను. బయటికి వచ్చిన పుల్లను పారవేయక, విరిగిన ముక్కలతో సహా వైద్యునికి చూపవలెను. గాయం చిన్నదైనా వైద్యునికి చూపవలెను. తరువాత రెండు మూడు రోజులు బిడ్డను కనిపెట్టి ఉండవలెను. ఏడ్చి అలసిన బిడ్డ నిద్రపోవుట సహజమే. కాని లేపితే లేవవలెను, తల్లిని గుర్తించవలెను, రెండు చేతులూ సమంగా ఆడించవలెను. లేపినా లేవని మత్తు, మాటిమాటికి వాంతి, మూతి వంకర, మాట తడబాటు, కాలో చేయో బలహీనపడుట, జ్వరం, మెడ వాపు, మింగలేకపోవుట, ఊపిరి ఆడకపోవుట – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాక ఆగరాదు.

అన్నిటికంటె చవకైన చికిత్స నివారణ. జపానులో పిల్లల కోసం, ఒత్తిడి తగిలితే వంగిపోయే పిడి గల బ్రష్షులు తయారు చేసినారు. అట్టి బ్రష్షు లేని ఇంట కూడ పనికివచ్చే సూత్రం ఒకటున్నది. బ్రష్షైనా, వేపపుల్లైనా, ఐసుక్రీము పుల్లైనా నోట ఉన్నంతసేపు బిడ్డ కూర్చొని ఉండవలెను. మైకం అనే పేరులో దాగి ఉన్న నిజాన్ని శాస్త్రం తెలుసుకొనడానికి పంతొమ్మిది వందల ఏండ్లు పట్టినది. నోట పుల్లతో పరుగెత్తవద్దన్న తల్లికి ఆ ధమని పేరు తెలియదు. ఐనా ఆమె మందలింపు మొదటి నుండి సరియైనదే.